ట్రేడ్‌మార్క్ గడువు దాటింది, సర్టిఫికెట్ మామగారి పేరు మీద ఉంది

ప్రశ్న: మాది తెనాలి. మామగారు 1994లో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. కలిపే చెయ్యి మాత్రం మొదటి నుంచీ అత్తగారిదే. 2015 సెప్టెంబర్ 18న ఒక ఏజెంటు ద్వారా మా పేరుకు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టారు. 2017 ఫిబ్రవరిలో సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి కొట్లో తగిలించాం. మామగారు 2021లో కాలం చేశారు. వీలునామా రాయలేదు. అప్పటి నుంచి వ్యాపారం నేనూ మావారూ చూసుకుంటున్నాం. జీఎస్టీ, ఆహార భద్రత లైసెన్సు రెండూ నా పేరు మీదే ఉన్నాయి. బావగారు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తారు. ఆడపడుచు డాలస్‌లో ఉంటుంది. అత్తగారు మా దగ్గరే ఉంటారు. మొన్న డిసెంబర్‌లో ఎవరో ఫోను చేసి, మా ట్రేడ్‌మార్క్ గడువు అయిపోయిందనీ, 24 గంటల్లో 35,000 రూపాయలు కట్టకపోతే ఆ పేరు వేరేవాళ్లకు ఇచ్చేస్తారనీ అన్నారు. మావారేమో సర్టిఫికెట్ 2017లో వచ్చింది కాబట్టి 2027 దాకా ఢోకా లేదంటున్నారు. ఈ మధ్య పక్క ఊళ్లో ఒకరు మా పేరుకే ముందు ‘కొత్త’ అని తగిలించి పచ్చళ్లు అమ్ముతున్నారు. మేము 2022లో లోగో మార్చాం, పొడులు కూడా అమ్ముతున్నాం. ఇప్పుడు 20 వేల లేబుళ్లు ప్రింటింగుకు ఇచ్చాం. ఆడపడుచు కూడా అక్కడ మన పేరుతోనే అమ్ముతానంటోంది. ఏది ముందు చేయాలో తెలియడం లేదు. సర్టిఫికెట్, లేబుళ్ల ఫొటోలు జత చేశాను.

సమాధానం: ముందు తేదీ సంగతి తేలుద్దాం. మీవారు చెప్పింది తప్పు. ఫోను చేసిన మనిషి చెప్పిందాంట్లో సగం నిజం, సగం బెదిరింపు. రెంటిలోనూ మీకు ఎక్కువ నష్టం తెచ్చేది మీవారి ధీమాయే.

ఆ ఫ్రేమును గోడ మీద నుంచి దించి ఒకసారి చదవండి. సర్టిఫికెట్ మీద రెండు తేదీలు ఉంటాయి. ఒకటి పై భాగంలో, ఏ తేదీ నుంచి రిజిస్టరైనట్టో చెప్పేది. రెండోది అడుగున సీలు వేసిన తేదీ. మీరు పంపిన ఫొటోలో మొదటిది 2015 సెప్టెంబర్ 18, రెండోది 2017 ఫిబ్రవరిలోది. ట్రేడ్‌మార్కుల చట్టం, 1999లోని 23వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ తేదీ అంటే దరఖాస్తు పెట్టిన తేదీయే. పదేళ్లను అక్కడి నుంచి లెక్కపెట్టాలి. కార్యాలయంలో కాగితం ఎన్ని నెలలు నానినా ఆ కాలం మీ ఖాతాలోంచే పోతుంది. అంటే మీ గడువు 2025 సెప్టెంబర్ 18తో ముగిసింది. ఈ ముక్క సర్టిఫికెట్ అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ఫ్రేము కట్టేవాళ్లు చాలాసార్లు సరిగ్గా ఆ వరుసలనే అంచు చెక్క కింద దాచేస్తారు.

కంగారు పడకండి, పేరు పోలేదు. గడువు ముగిశాక ఆరు నెలల దాకా అదనపు రుసుముతో రెన్యువల్ చేసుకోవడానికి 25వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. మీకు అది 2026 మార్చి 18 వరకు. నేను ఈ జవాబు రాస్తున్నది జనవరి రెండో వారంలో. రెండు నెలల పైన సమయం ఉంది కదా అని మార్చి దాకా లాగకండి. ఆఖరి రోజున సర్వరు మొరాయించిందన్న మాట కార్యాలయంలో ఎవరూ వినరు. ఫిబ్రవరి మొదటి వారంలోపు పని ముగించండి.

ఖర్చు సంగతి. 2017 నాటి ట్రేడ్‌మార్కుల నియమాల ప్రకారం రెన్యువల్‌కు టీఎం-ఆర్ అనే ఫారం ఉంది. ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే ఒక్కో తరగతికి, అంటే సరుకులను విడదీసిన ఒక్కో వర్గానికి, 9,000 రూపాయలు, ఆలస్యానికి మరో 4,500. మీది పచ్చళ్లకు వర్తించే 29వ తరగతి ఒక్కటే కాబట్టి మొత్తం 13,500. కాగితం మీద దాఖలు చేస్తే ఇదే 15,000 అవుతుంది. గడువుకు ముందు ఏడాదిలో ఎప్పుడు కట్టినా 9,000తో సరిపోయేది. చిన్న పరిశ్రమగా ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే సగం రాయితీ వస్తుందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఆ రాయితీ కొత్త దరఖాస్తుకే, రెన్యువల్‌కు లేదు. ఇంకో మంచి మాట: మీరు ఎప్పుడు కట్టినా కొత్త పదేళ్లు 2025 సెప్టెంబర్ 18 నుంచే మొదలవుతాయి, మధ్యలో ఖాళీ ఉండదు. తర్వాతి గడువు 2035 సెప్టెంబర్ 18.

మార్చి 18 దాటితే దారి మూసుకుపోదు గానీ ఇరుకవుతుంది. అప్పుడు దాన్ని పునరుద్ధరణ అంటారు. గడువు ముగిసిన ఏడాదిలోపు, అంటే 2026 సెప్టెంబర్ 18లోపు అడగాలి. రుసుము ఆన్‌లైన్‌లో 18,000. డబ్బు కన్నా ముఖ్యమైన తేడా ఒకటుంది. ఆరు నెలల లోపల కడితే అది మీ హక్కు. ఆ తర్వాత మాత్రం పునరుద్ధరించడం న్యాయమని రిజిస్ట్రార్‌కు తోచాలి. హక్కును పోగొట్టుకుని దయ కోసం నిలబడాల్సిన అవసరం మీకు లేదు.

ఆ తర్వాత కూడా కొందరు కోర్టుకు వెళ్లి గెలిచారు. గడువు ముగియబోతోందని యజమానికి రిజిస్ట్రీ, అంటే ట్రేడ్‌మార్కుల కార్యాలయం, నోటీసు పంపాలన్నది చట్టంలో ఉన్న షరతు. ఆ నోటీసు ఇవ్వకుండా రిజిస్టర్ నుంచి తొలగిస్తే చెల్లదని 2013లో బొంబాయి హైకోర్టు సిప్లా కేసులోనూ, ఢిల్లీ హైకోర్టు మల్హోత్రా బుక్ డిపో కేసులోనూ చెప్పాయి. తెలిసినవాళ్లెవరైనా ఈ తీర్పులు చూపించి ‘తొందరేముంది’ అంటే వినకండి. 13,500తో అయ్యే పనిని హైకోర్టు దాకా మోయడం వకీలుకు తప్ప ఎవరికీ లాభం కాదు.

మీకు నోటీసు ఎందుకు రాలేదంటారా? బహుశా వచ్చే ఉంటుంది, మీ ఇంటికి కాదు. దరఖాస్తులో ఉత్తర ప్రత్యుత్తరాల చిరునామాగా ఏజెంటు తన చిరునామా, తన ఈమెయిలు ఇచ్చి ఉంటాడు. పదేళ్ల కిందటి ఆ ఈమెయిలును అతను ఇప్పుడు తెరుస్తున్నాడో లేదో. యజమాని మారినా చిరునామా మారినా వెంటనే నమోదు చేయించుకోవాలని అదే సర్టిఫికెట్ అడుగున ఉంటుంది. ఈసారి దాఖలు చేసే కాగితాల్లో మీ ఈమెయిలు, మీ ఫోను నంబరు ఉండేలా పట్టుబట్టండి. ఏజెంటుది ఉంటే ఉండనివ్వండి, మీది మాత్రం తప్పనిసరి.

ఇక ఆ ఫోను. ట్రేడ్‌మార్కుల రిజిస్టర్ బహిరంగంగా ఉండేది. ఎవరి పేరు మీద ఏ గుర్తు ఉంది, గడువు ఎప్పుడు ముగుస్తుంది, చిరునామా ఏమిటి అన్నవి ఎవరైనా వెబ్‌సైటులో చూడవచ్చు. గడువు దాటినవాళ్ల జాబితా తయారు చేసుకుని ఫోన్లు చేయడం కొందరికి వ్యాపారం. వాళ్లలో నిజమైన ఏజెంట్లూ ఉన్నారు, మోసగాళ్లూ ఉన్నారు. ఇది మన దేశానికే పరిమితం కాదు, అధికారిక బిల్లుల్లా కనిపించే దొంగ రెన్యువల్ కాగితాల గురించి జెనీవాలోని ప్రపంచ మేధాసంపత్తి సంస్థ కూడా హెచ్చరిస్తుంటుంది. 24 గంటల గడువు అనేది చట్టంలో ఎక్కడా లేదు. మీరు కట్టకపోతే మీ పేరును తీసి ఇంకొకరి చేతిలో పెట్టే ఏర్పాటూ లేదు. ఆ రెండు మాటలతోనే ఆ మనిషిని తూచవచ్చు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ సంబంధించిన రిజిస్ట్రీ చెన్నైలో, గిండీలో ఉంది. పని అంతా ఆన్‌లైన్‌లో జరుగుతుంది కాబట్టి అక్కడికి వెళ్లనక్కరలేదు. మామూలు రెన్యువల్ అయితే డిజిటల్ సంతకం ఉన్న యజమాని స్వయంగా చేసుకోవచ్చు, పెద్ద విద్యేమీ కాదు. మీ విషయంలో మాత్రం ట్రేడ్‌మార్క్ ఏజెంటునో వకీలునో పెట్టుకోమనే చెబుతాను. ఎందుకో కింద చెబుతాను. ఎవరిని పెట్టుకున్నా ప్రభుత్వ రుసుము ఎంత, తన ఫీజు ఎంత అన్నది విడివిడిగా రాసిమ్మని అడగండి. దాఖలు చేసిన రోజే రసీదు కాపీ తీసుకోండి. రుసుము కట్టిన వెంటనే రసీదు వస్తుంది, ‘వారంలో పంపిస్తాను’ అనే మాటకు అర్థం లేదు. రెన్యువల్ పూర్తయ్యాక రిజిస్టర్‌లో కొత్త గడువు తేదీ పడిందో లేదో మీ కళ్లతో చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు అడిగింది రెన్యువల్ గురించి. నాకు ఎక్కువ బెంగగా ఉన్నది, ఈ పేరు ఇవాళ ఎవరిది అన్న దాని గురించి.

ట్రేడ్‌మార్క్ ఆస్తి. పొలంలా, ఇంటిలా వారసులకు వస్తుంది. మీ కుటుంబం హిందూ వారసత్వ చట్టం కిందికి వస్తుందనుకుని చెబుతున్నాను. వీలునామా లేకుండా పోయిన మగవాడి ఆస్తి భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలుగా వెళుతుంది. మీ మామగారి తల్లి కూడా జీవించి లేరనే అనుకుంటున్నాను, ఉంటే ఆమెకూ ఒక వాటా. ఆ లెక్కన మీ అత్తగారికి నాలుగో వంతు, మీవారికి నాలుగో వంతు, బావగారికి, ఆడపడుచుకు తలా నాలుగో వంతు. ఇందులో మీ పేరు లేదు. జీఎస్టీ మీ పేరు మీద ఉంది, లైసెన్సు మీ పేరు మీద ఉంది, రోజూ కొట్టు తెరిచేది మీరు. అయినా ఆ పేరు మీది కాదు. ఇంటిపన్ను కట్టినంత మాత్రాన ఇల్లు మన సొంతం కానట్టే, రెన్యువల్ డబ్బు కట్టినంత మాత్రాన ట్రేడ్‌మార్క్ మీకు రాదు.

పచ్చడి కలిపింది అత్తగారి చెయ్యి అని మీరే రాశారు. కాగితం మీద ఆమె పేరు ఇప్పటిదాకా ఎక్కడా లేకపోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. ఈ కాగితాలు తిరగరాసేటప్పుడైనా ఆమెను సంతకం పెట్టే మనిషిగా మాత్రమే చూడకండి. వాటా ఉన్న మనిషి ఆవిడ.

ఆడపడుచు విషయంలోనూ అంతే. ‘పెళ్లి చేసి పంపించాం, కట్నం ఇచ్చాం, ఇంక వ్యాపారంలో ఏముంది’ అనే మాట మీ ఇంట్లో ఎవరైనా అనబోతే ఇప్పుడే ఆపండి. ఆ మాటకు చట్టంలో విలువ లేదు. పైగా ఆమె అక్కడ ఇదే పేరుతో అమ్మాలనుకుంటోంది. రేపు మీ సంబంధాలు ఎలా ఉంటాయో ఎవరికి తెలుసు? పేరు చిన్నదిగా ఉన్నప్పుడు నలుగురూ నవ్వుతూ సంతకాలు పెడతారు. ఏదో ఒక పెద్ద కంపెనీ వచ్చి కొంటామన్న రోజున ఆ నవ్వులు ఉండవు.

కాబట్టి రెండు పనులు ఒకేసారి మొదలుపెట్టండి. ఒకటి టీఎం-ఆర్, అంటే రెన్యువల్. రెండోది టీఎం-పీ, అంటే యజమాని మార్పు నమోదు. మామగారు పోయిన క్షణంలోనే హక్కు వారసులకు వచ్చేసింది. టీఎం-పీ దాన్ని రిజిస్టర్‌లోకి ఎక్కించే పని మాత్రమే. దీనికి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వారసుల ప్రమాణపత్రాలు కావాలి. ఈ మార్పు ఉత్తర్వు రావడానికి నెలలు పట్టవచ్చు. అది వచ్చాకే రెన్యువల్ చేద్దామని ఆగితే మార్చి 18 వెళ్లిపోతుంది. వారసుల తరఫున, మరణ ధ్రువపత్రం జతచేసి రెన్యువల్ ముందు దాఖలు చేయండి, టీఎం-పీ దాని వెంటే వెళ్లాలి. ఏజెంటు కావాలన్నది ఇందుకే. కొందరు ఏం చేస్తారంటే, మామగారే బతికి ఉన్నట్టు ఆయన పేరుతోనే, ఆయన పాత అధికారపత్రం మీదే దాఖలు చేసేస్తారు. సులువుగా అయిపోతుంది, ఎవరూ అడగరు. కానీ రేపు మీరు ఆ పక్క ఊరి మనిషి మీద కోర్టుకు వెళితే అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే. చనిపోయిన మనిషి ఇచ్చిన అధికారం ఆయనతోనే పోతుంది.

నలుగురు వారసులనూ ఉమ్మడి యజమానులుగా నమోదు చేయించుకోవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. అలా చేస్తే ఏ ఒక్కరూ సొంతంగా, మిగతావాళ్లకు పోటీగా ఆ పేరు వాడుకోవడానికి వీలుండదు, నలుగురి తరఫునే వాడాలి. వినడానికి బాగుంటుంది. రోజువారీ వ్యాపారంలో మాత్రం ప్రతి కాగితానికీ నాలుగు సంతకాలు, అందులో ఒకటి డాలస్ నుంచి. నా సలహా, వ్యాపారం చేస్తున్నవాళ్ల చేతికే పేరు రావాలి, మిగతావాళ్లకు దక్కాల్సింది దక్కాలి. మిగతా ముగ్గురూ తమ వాటాను మీవారికి వదులుకుంటూ పత్రం రాయవచ్చు. లేదా మీరూ మీవారూ అత్తగారూ కలిసి భాగస్వామ్య సంస్థ పెట్టుకుని, నలుగురు వారసులూ ఆ సంస్థకు పేరును బదిలీ చేయవచ్చు. మీ కష్టానికి గుర్తింపు కాగితం మీద కూడా ఉండాలంటే ఈ రెండోదే మేలు. బదిలీ పత్రంలో పేరుతో పాటు వ్యాపారానికి ఉన్న మంచిపేరునూ కలిపి ఇస్తున్నట్టు స్పష్టంగా రాయించండి. అది లేకుండా ఒట్టి పేరు బదిలీ చేస్తే 42వ సెక్షన్ కింద ఆరు నెలల్లో రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లి, ప్రకటన వేయించే తతంగం నడపాలి. అనవసరమైన తలనొప్పి. బదులుగా బావగారికి, ఆడపడుచుకు ఎంత ఇస్తారో, లేక ఏమీ వద్దంటారో అది మీ ఇంటి మాట. నేను చెప్పేదల్లా, ఇచ్చేది ఎంతైనా పత్రంలో రాయండి. నోటిమాటగా ‘తర్వాత చూసుకుందాం’ అన్నది ఏ కుటుంబంలోనూ తర్వాత చూసుకోగా నేను చూడలేదు.

ఆడపడుచు సంతకానికి ఆమె రానక్కరలేదు. అక్కడి నోటరీ ముందు సంతకం చేసి, ఆ రాష్ట్ర ప్రభుత్వం నుంచి అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం వేరే దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ, వేయించి పంపితే చాలు. ఆ ముద్రను గుర్తించే ఒప్పందంలో అమెరికా, భారత్ రెండూ ఉన్నాయి. విదేశంలో రాసిన పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టాలన్న సంగతి మరచిపోకండి.

ఆమె అక్కడ అమ్ముకోవడం గురించి. మన రిజిస్ట్రేషన్ మన దేశం వరకే. అమెరికాలో వేరుగా చేయించుకోవాలి. నేరుగా అక్కడ దరఖాస్తు పెట్టవచ్చు, లేదా ఒకే దరఖాస్తుతో పలు దేశాల్లో రిజిస్ట్రేషన్ కోరే, 2013లో భారత్ చేరిన మాడ్రిడ్ విధానం ద్వారా ఇక్కడి రిజిస్ట్రేషన్‌ను ఆధారం చేసుకుని పెట్టవచ్చు. రెండో దారిలో మొదటి ఐదేళ్లలో ఇక్కడి రిజిస్ట్రేషన్ కూలితే అక్కడిదీ కూలుతుంది. అమెరికాలో ఇంకో నియమం ఉంది, మనకు లేనిది: ఐదు, ఆరు సంవత్సరాల మధ్య, పేరును నిజంగా వాడుతున్నామని ప్రమాణపత్రం దాఖలు చేయాలి. అక్కడ ఎవరి పేరు మీద చేయించాలన్నది ఇక్కడి వాటాలు తేలాకే నిర్ణయించండి. ఆమె సొంత పేరు మీద చేయించేసుకుంటే, పదేళ్ల తర్వాత మీ పచ్చడి అమెరికాకు పంపడానికి మీరు ఆమె అనుమతి అడగాలి.

‘కొత్త’ తగిలించినాయన సంగతి. కోపం రావడం సహజం. అయినా రెన్యువల్ రసీదు చేతికి వచ్చేదాకా ఆయనకు లాయరు నోటీసు పంపవద్దు. గడువు దాటిన సంగతి బహుశా ఆయనకు ఇప్పటిదాకా తెలియదు, మీరే తెలియజేసినట్టు అవుతుంది. ఆయన ఈలోపు తానే ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు పెడితే ఏమవుతుందంటారా? ఒకవేళ మీది రిజిస్టర్ నుంచి తొలగించినా, తొలగించిన తేదీ తర్వాత ఏడాది దాకా ఇతరుల దరఖాస్తుల విషయంలో మీ గుర్తు రిజిస్టర్‌లో ఉన్నట్టే చూడాలని 26వ సెక్షన్ చెబుతోంది. తొలగింపుకు ముందు రెండేళ్లు నిజంగా వాడకంలో లేకపోతే ఆ రక్షణ ఉండదు. మీకు ఆ భయం లేదు, మీరు రోజూ అమ్ముతూనే ఉన్నారు. ఆయన దరఖాస్తు ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో అచ్చయితే నాలుగు నెలల్లో అభ్యంతరం దాఖలు చేయాలి. జర్నల్ వారం వారం వస్తుంది, ఉచితంగా చూడవచ్చు. మీ ఏజెంటుకు ఆ కాపలా పని కూడా అప్పగించండి.

రిజిస్ట్రేషన్ ఉంటే ఉల్లంఘన దావా వేయవచ్చు. లేకపోయినా, ఇతరుల సరుకును మీ సరుకుగా చెలామణి చేస్తున్నారన్న దావా మిగిలే ఉంటుంది. 27వ సెక్షన్ దాన్ని కాపాడింది. తేడా ఎక్కడంటే, రిజిస్ట్రేషన్ ఉన్నవాడు సర్టిఫికెట్ చూపిస్తే చాలు. లేనివాడు ఆ పేరుకు జనంలో ఎంత పలుకుబడి ఉందో సాక్ష్యాలతో నిరూపించాలి. అందుకని 1994 నుంచి ఉన్న పాత బిల్లు పుస్తకాలు, అమ్మకపు పన్ను కాగితాలు, పత్రికల్లో వేసిన ప్రకటనలు, పాత జాడీల మీది లేబుళ్లు, పెళ్లిళ్లకు సరఫరా చేసిన ఆర్డర్లు అన్నీ ఒకచోట చేర్చి ఫొటోలు తీసి పెట్టండి. అటక మీద అట్టపెట్టెలో చెదలు పడుతున్న బిల్లు పుస్తకమే చాలా కేసుల్లో గెలిపించింది.

లోగో, పొడులు. రెన్యువల్ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టుగా పొడిగించడమే. అందులో బొమ్మ మార్చలేరు, సరుకులు చేర్చలేరు. మీకు రిజిస్టరైంది పేరు, జాడీ బొమ్మ కలిసిన గుర్తు. 2022లో మీరు జాడీ తీసేసి ఆకులు పెట్టారు, అక్షరాల వాటం కూడా మార్చారు. స్వల్ప మార్పులైతే రిజిస్ట్రార్ అనుమతితో సవరించుకోవచ్చు గానీ, గుర్తు స్వరూపమే మారేంత మార్పుకు ఆ సవరణ పనికిరాదు. కాబట్టి కొత్త దరఖాస్తు తప్పదు. నన్నడిగితే కొత్త లోగోకు కాదు, బొమ్మ లేకుండా ఒట్టి పేరుకే దరఖాస్తు పెట్టండి. ఇంకో ఐదేళ్లకు మీకు ఆ ఆకులూ విసుగు పుడతాయి, పేరు మాత్రం ఉంటుంది. పచ్చళ్లకు 29వ తరగతిలో, కందిపొడి, కరివేపాకు పొడి, కారప్పొడుల్లాంటి వాటికి 30వ తరగతిలో పెట్టాలి. ఆన్‌లైన్‌లో తరగతికి 4,500, మీరు వ్యక్తిగానో చిన్న పరిశ్రమగానో పెడితే. ఉద్యమ్ సర్టిఫికెట్ పనికొచ్చేది ఇక్కడ. ఇది కూడా భాగస్వామ్య సంస్థ ఏర్పడ్డాక దాని పేరు మీదే పెట్టండి, లేకపోతే పాతది ఒకరి పేరున, కొత్తది ఇంకొకరి పేరున పడి రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి.

పాత జాడీ గుర్తును పూర్తిగా వదిలేయకండి. రెన్యువల్‌కు వాడకం రుజువు అడగరు గానీ, ఐదేళ్ల మూడు నెలల పాటు వాడని గుర్తును తీసేయమని ఎవరైనా దరఖాస్తు పెట్టవచ్చు. మీరు మార్చింది 2022లో, ఆ గడువు 2027లోనో 2028 మొదట్లోనో వస్తుంది. డబ్బా మూత మీదైనా, అట్టపెట్టె మీదైనా జాడీ గుర్తును ఉన్నది ఉన్నట్టుగా వేస్తూ ఉండండి. ఇలా ఓపిగ్గా వాడుకుంటూ పదేళ్లకోసారి రుసుము కట్టుకుంటూ పోతే ట్రేడ్‌మార్క్‌కు చావు లేదు. పేటెంటుకు 20 ఏళ్లే ఆయుష్షు. బ్రిటన్‌లో 1876లో రిజిస్టరైన మొదటి గుర్తు, బాస్ కంపెనీ ఎర్ర త్రికోణం, ఇప్పటికీ చెల్లుతోంది.

చివరగా ఆ 20 వేల లేబుళ్లు. మీరు పంపిన నమూనాలో పచ్చళ్లకూ పొడులకూ కొత్త ఆకుల లోగోయే ఉంది. దాని పక్కన వృత్తంలో ఆర్ అక్షరం ఉంది. ఆ గుర్తుకు అర్థం ‘రిజిస్టరైంది’ అని. ఆకుల లోగో రిజిస్టర్ కాలేదు. పొడులకైతే మీకు ఏ రిజిస్ట్రేషనూ లేదు. రిజిస్టర్ కాని గుర్తును అయినట్టుగా, రిజిస్టర్ కాని సరుకుకు వర్తిస్తున్నట్టుగా చూపడం 107వ సెక్షన్ ప్రకారం తప్పు. ‘కొత్త’ పేరాయన వకీలుకు అంతకన్నా మంచి కానుక ఉండదు. ఆ ఆర్ తీయించి టీఎం అని వేయించండి, దానికి రిజిస్ట్రేషన్‌తో పనిలేదు. వృత్తంలో ఆర్‌ను పచ్చళ్ల లేబుళ్ల మీద, పాత జాడీ గుర్తు పక్కన మాత్రమే, అదీ రెన్యువల్ పూర్తయ్యాక వేసుకోవచ్చు. ప్రెస్సువాళ్లు ఇంకా ప్లేటు వేయకపోతే ఈ సాయంత్రమే ఫోను చేసి ఆపించండి.